టైప్ వన్ షుగర్‌లో రెటీనా పరీక్ష, లేజర్, కంట్లో ఇంజెక్షన్: ఎప్పుడు, ఎలా

సుధ
బాబుకి 12 నిండాయి. టైప్ వన్ బయటపడి ఆరేళ్లు. హెచ్‌బీఏ1సీ (దాదాపు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 11.2 ఉంది, వచ్చే నెల ఇన్సులిన్ పంపు పెడదామంటున్నారు. స్కూల్లో పెట్టిన కంటి శిబిరంలో రెండు కళ్లూ 6/6, అంటే చూపు పూర్తిగా ఉందని రాసిచ్చారు. రెటీనా పరీక్ష విడిగా చేయించాలా, చూపు బాగుంది కాబట్టి ఆగొచ్చా?

రెటీనా విశాఖ
చేయించండి సుధ గారూ. అదీ పంపు పెట్టకముందే.

టైప్ వన్ పిల్లల్లో లెక్క ఇది: జబ్బు బయటపడి 3 నుంచి 5 ఏళ్లు దాటి, వయసు 11 వచ్చినా, లేదా అంతకంటే ముందే యుక్తవయసు లక్షణాలు మొదలైనా, మొదటి రెటీనా పరీక్ష జరగాలి. మీ బాబుకి రెండూ కలిశాయి. పెద్దవాళ్లలో టైప్ వన్ వస్తే అయిదేళ్లలోపు మొదటి పరీక్ష. టైప్ టూ వారికి మాత్రం జబ్బు తెలిసిన రోజునే చూస్తాం, ఎందుకంటే అది ఎన్నేళ్ల నుంచి లోపల ఉందో ఎవరికీ తెలియదు. టైప్ వన్ దాదాపు మొదలైన తేదీతో సహా తెలుస్తుంది.

6/6 సంగతి. కంటి వెనకుండే రెటీనా పొర అంచుల్లో రక్తనాళాలు ఎంత పాడైనా, నడిమధ్యలో ఉండే మాక్యులా పొడిగా ఉన్నంతకాలం అక్షరాల చార్టు మొత్తం చదివేస్తారు. కొత్త నాళాలు మొలిచిన కన్ను కూడా రక్తం కారే ముందురోజు వరకు 6/6 చదవగలదు. శిబిరాల్లో చూసేది ముఖ్యంగా అద్దాల అవసరం. తెలంగాణలో జరిగిన కంటి వెలుగు లాంటి పెద్ద కార్యక్రమాలైనా అంతే. అవి అవసరమే, కానీ ఆ చీటీ రెటీనా రిపోర్టు కాదు.

పద్మ
పంపుకి ముందే ఎందుకు? షుగర్ తగ్గితే కంటికి మేలే కదా.

రెటీనా విశాఖ
మేలే. కానీ మొదటి ఏడాది కాస్త తిరకాసు ఉంటుంది.

చాలాకాలం ఎక్కువగా ఉన్న షుగర్ ఒక్కసారిగా దిగితే, అప్పటికే రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనా నాళాలు చెడటం) ఉన్న కన్ను కొన్ని నెలలపాటు ముదిరినట్టు కనిపించవచ్చు. పత్తి ఉండల్లాంటి తెల్ల మచ్చలు, కొత్త రక్తపు చుక్కలు వస్తాయి. టైప్ వన్ వారితోనే 1983 నుంచి 1993 దాకా అమెరికా, కెనడాల్లో జరిగిన డీసీసీటీ అధ్యయనంలో (మొత్తం 1441 మంది) దీన్ని లెక్కకట్టారు. మొదటి ఏడాదిలో ఇలా ముదిరినవారు షుగర్‌ని బాగా దించే గట్టి చికిత్స తీసుకున్న వర్గంలో 13.1 శాతం, మామూలు చికిత్స వర్గంలో 7.6 శాతం. మొదట్లో హెచ్‌బీఏ1సీ ఎంత ఎక్కువుండి ఎంత దిగితే ముప్పు అంత. 11.2 నుంచి దిగబోయే బాబుకి అందుకే ముందు రెటీనా ఫొటోలు తీసిపెట్టుకోవాలి. కంట్లో ఏమీ లేకపోతే నిశ్చింతగా పంపు పెట్టండి. కాస్త ఎక్కువ దశ ఉంటే మొదటి ఏడాది మూడు నెలలకోసారి చూస్తాం. అసలే లేజర్ అవసరమైన దశ బయటపడితే ముందు కన్ను, తర్వాత పంపు.

పద్మ
అంటే నెమ్మదిగా దించితే సరిపోతుందా? కొందరు పెద్దలు "ఒకేసారి తగ్గించొద్దు, కళ్లు పోతాయి" అంటారు. ఆ మాట పట్టుకుని ఇన్సులిన్ పెంచనివాళ్లూ ఉన్నారు.

రెటీనా విశాఖ
ఆ మాట సగమే నిజం, మిగతా సగంతోనే నష్టం. అదే అధ్యయనంలో చివరికి తేలిందేమిటంటే, హెచ్‌బీఏ1సీ 7 దగ్గర ఉన్నవారిలో, 9 దగ్గర ఉన్నవారితో పోలిస్తే, కొత్తగా రెటినోపతీ రావడం 76 శాతం తగ్గింది. అప్పటికే ఉన్నవారిలో ముదరడం 54 శాతం తగ్గింది. మొదటి ఏడాది ముదిరినవారు కూడా తర్వాత తర్వాత మామూలు చికిత్సవారితో సమానంగానో మెరుగ్గానో ఉన్నారు. నెమ్మదిగా దించితే ఆ తొలి ముప్పు తప్పుతుందని గట్టి రుజువు లేదు. కాబట్టి ఇన్సులిన్ ఆపొద్దు, కంటి పరీక్ష మానొద్దు.

ఇంకొకటి. అధ్యయనం ముగిశాక రెండు వర్గాల హెచ్‌బీఏ1సీ దాదాపు ఒకటైపోయింది, అయినా మొదట్లో బాగా పెట్టుకున్నవారికి ఏళ్ల తరబడి రక్షణ నిలిచింది. చిన్న వయసులో పెట్టిన శ్రమ వృథా పోదు.

ఆప్టో గుంటూరు
పరీక్ష రోజు సంగతి నేను చెప్తా, ఆసుపత్రిలో గందరగోళం అంతా అక్కడే.

కంటిపాపను పెద్దది చేసే చుక్కల మందు సాధారణంగా ట్రోపికమైడ్, ఫినైలెఫ్రిన్ కలిపింది. పది పదిహేను నిమిషాలకోసారి రెండు మూడు సార్లు వేస్తాం. అరగంట నుంచి ముప్పావు గంటకు కంటిపాప విచ్చుకుంటుంది. బీపీ బాగా ఎక్కువున్నవారికి ఫినైలెఫ్రిన్ వద్దని చెప్పి ట్రోపికమైడ్ ఒక్కటే వేయించుకోవాలి. చాలా ఏళ్లుగా షుగర్ ఉంటే కంటిపాపను కదిలించే నరాలు మొండికేసి సరిగా విచ్చుకోదు, అదనంగా వేయాల్సి వస్తుంది. నర్సు మీద విసుక్కోకండి.

మసక నాలుగు నుంచి ఆరు గంటలుంటుంది. దగ్గర అక్షరాలు అసలు ఆనవు. టైప్ వన్ వారికి ఇక్కడే ప్రమాదం. గ్లూకోమీటర్ అంకె తెలియదు, పెన్నులో యూనిట్ల గీత తెలియదు. తోడు మనిషి లేకుండా రావద్దు, బండి నడపొద్దు. ఓపీలో మూడు నాలుగు గంటలు పట్టడం మామూలే. ఇన్సులిన్ వేసుకుని టిఫిన్ తినకుండా వస్తే క్యూలోనే లో షుగర్ అవుతుంది. టిఫిన్ తినే రండి, రెటీనా చూడటానికి పరగడుపు అక్కర్లేదు. జేబులో గ్లూకోజ్ పొడి, పండ్ల రసం ప్యాకెట్ ఉంచుకోండి. ఒంటికి షుగర్ సెన్సార్ పెట్టుకున్నవారు ఫోన్‌లో అంకె పెద్దక్షరాలుగా వచ్చేలా, అలారం మోగేలా ముందే పెట్టుకోవాలి.

అద్దాలు అదే రోజు రాయించుకోవద్దు. షుగర్ ఎక్కువున్నప్పుడు కంటి లెన్సు ఉబ్బి దూరం మసకబారుతుంది. ఇన్సులిన్ మొదలుపెట్టాక లేదా బాగా పెంచాక తిరగబడి దగ్గర మసకబారుతుంది. షుగర్ కుదిరాక నాలుగు నుంచి ఆరు వారాలు ఆగి అద్దాలు తీసుకుంటే డబ్బు మిగులుతుంది. పంపు పెట్టిన కొత్తలో బాబు పుస్తకం కనబడట్లేదంటే కంగారు పడొద్దు.

చక్రి
రిపోర్టులో "మోడరేట్ ఎన్‌పీడీఆర్, నో సీఎస్‌ఎంఈ" అని ఉంటుంది. మామూలు భాషలో ఏంటిది?

ఆప్టో గుంటూరు
ఎన్‌పీడీఆర్ అంటే పాత నాళాలు చెడుతున్నాయి, కొత్తవి మొలవలేదు. పీడీఆర్ అంటే మొలిచాయి. ఎన్‌పీడీఆర్‌లో మైల్డ్ అంటే నాళాల మీద చిన్న బుడిపెలు మాత్రమే. సివియర్ అనడానికి 4-2-1 అనే కొలత ఉంది: నాలుగు భాగాల్లోనూ రక్తపు మరకలు ఎక్కువగా ఉండటం, రెండు భాగాల్లో సిరలు పూసల దండలా ఉబ్బడం, ఒక భాగంలో ఇర్మా అనే వంకర నాళాలు కనిపించడం. ఈ మూడింట్లో ఏ ఒక్కటున్నా సివియర్. మోడరేట్ ఈ రెంటి నడుమ. సీఎస్‌ఎంఈ అంటే మాక్యులాలో చూపుకి ముప్పు తెచ్చేంత నీరు. అది లేదని రాశారు, మంచిదే. ఇప్పుడు రెటీనా పొరల్ని చూపే ఓసీటీ స్కాన్‌లో మాక్యులా మందాన్ని మైక్రాన్లలో కొలుస్తున్నారు. ఒక కంపెనీ మెషిన్ అంకెను ఇంకో కంపెనీ మెషిన్ అంకెతో పోల్చొద్దు, వాటి కొలతే వేరు. వీలైనంతవరకు ఒకే మెషిన్ మీద తీయించుకోండి, ఫిల్మో ఫైలో దగ్గర పెట్టుకోండి.

డాక్టరు గారు ఎఫ్‌ఎఫ్‌ఏ (రెటీనా నాళాల ఫొటో పరీక్ష) రాస్తే చేతి నరంలో పసుపు రంగు మందు ఎక్కించి ఫొటోలు తీస్తారు. కొందరికి అరనిమిషం వికారంగా ఉంటుంది. ఒళ్లు పచ్చబడుతుంది, మూత్రం ఒకరోజు పైగా ముదురు పసుపుగా వస్తుంది. కామెర్లని హడావుడి పడకండి. దద్దుర్లు, ఆయాసం వస్తే మాత్రం అక్కడికక్కడే చెప్పాలి.

శ్రీను హ్యూస్టన్
ఇక్కడ పీడీఆర్ అనగానే చాలామంది లేజర్ వద్దు, ఇంజెక్షనే అంటున్నారు. లేజర్‌తో పక్క చూపు, రాత్రి చూపు తగ్గుతాయి కదా. ఇండియాలో ఇంకా లేజర్ ఎందుకు వేస్తున్నారో అర్థం కాదు.

రెటీనా విశాఖ
శ్రీను గారూ, లేజర్ పాతబడిన పద్ధతేమీ కాదు. మీరన్న నష్టాలు నిజమే. మొత్తం రెటీనా లేజర్‌లో, కొత్త నాళాలు ఎండిపోయేలా, అంచుల్లో దాదాపు 1200 నుంచి 1600 చుక్కలు కాలుస్తాం. కొత్త ప్యాటర్న్ మెషిన్లలో చుక్క చిన్నది, సమయం తక్కువ కాబట్టి సంఖ్య ఇంకా పెరుగుతుంది. రెండు మూడు విడతల్లో చేస్తాం, ఒకేసారి పూర్తిచేస్తే మాక్యులాలో నీరు చేరే అవకాశం ఎక్కువ. 2015లో వచ్చిన ప్రోటోకాల్ ఎస్ అనే అధ్యయనం ఫలితాల్లో, కొత్త నాళాలను ముడుచుకునేలా చేసే రానిబిజుమాబ్ ఇంజెక్షన్ లేజర్‌కి ఏమాత్రం తీసిపోలేదు. రెండేళ్లలో విట్రెక్టమీ (కంటి లోపలి జెల్లీని, అందులోని రక్తాన్ని తీసేసే) ఆపరేషన్ దాకా వెళ్లిన కళ్లు ఇంజెక్షన్ వర్గంలో 4 శాతం, లేజర్ వర్గంలో 15 శాతం.

ఐతే ఆ ఫలితం నెలనెలా వచ్చినవారిది. ఇంజెక్షన్ ప్రభావం కొన్ని వారాలే. ఆరు నెలలు రాకుండా పోయి తిరిగొచ్చినవారిని పోల్చిచూస్తే, ఇంజెక్షన్ ఒక్కటే తీసుకున్న కళ్లలో రెటీనా లాగుడుపడి ఊడటం లేజర్ వేయించుకున్నవారికంటే ఎక్కువగా కనిపించింది. టైప్ వన్‌లో రోగి పాతికేళ్ల కుర్రాడు. పరీక్షలు, ఉద్యోగం, ఊళ్లు మారడం, వీసా, మధ్యలో డయాలసిస్. పాడేరు నుంచి విశాఖకి నెలనెలా రాగలడా అన్నది మందు ఎంపికలో భాగమే. రాలేడనిపిస్తే నేను లేజర్ వైపే మొగ్గుతాను. మాక్యులాలో నీరు కూడా ఉంటే ముందు ఇంజెక్షన్, ఆ వెంటనే లేజర్.

శ్రీను హ్యూస్టన్
ఒప్పుకుంటాను. ఇన్సూరెన్స్ మారే మూడు నెలలు ఇక్కడా అదే కథ.

ఫార్మా రాజు
మందుల గురించి. మాక్యులాలో నీటికి వాడేవి ప్రధానంగా మూడు: బెవాసిజుమాబ్ 1.25 మి.గ్రా., రానిబిజుమాబ్ 0.5 మి.గ్రా. (అమెరికాలో ఈ జబ్బుకి 0.3), అఫ్లిబెర్‌సెప్ట్ 2 మి.గ్రా. ఎక్కించే ద్రవం 0.05 మి.లీ., అంటే ఒక చుక్కంత. మూడింటినీ పక్కపక్కన పెట్టి చూసిన ప్రోటోకాల్ టీ అధ్యయనంలో చూపు 6/12 లేదా మెరుగ్గా ఉన్నవారికి ఏదైనా ఒకటే ఫలితం. అంతకంటే తగ్గినవారికి మొదటి ఏడాది అఫ్లిబెర్‌సెప్ట్ ముందుంది. చూపు దాదాపు పూర్తిగా ఉండి స్కాన్‌లో నీరు కనిపిస్తే వెంటనే పొడవకుండా గమనిస్తూ ఉన్నా రెండేళ్లలో నష్టం తేడా రాలేదని 2019లో ప్రోటోకాల్ వి అనే అధ్యయనం చెప్పింది.

బెవాసిజుమాబ్ చవక, ఎందుకంటే క్యాన్సర్‌కి వచ్చే పెద్ద వయల్‌ని (మందు సీసాని) చిన్న సిరంజిల్లోకి పంచుతారు. ఆ పంచే చోట శుభ్రత లేకపోతే ఒకే వయల్‌తో వరసగా చాలామందికి కంట్లో చీము పడుతుంది. మన దేశంలోనూ బయటా ఇలాంటివి జరిగాయి. మీకు ఇచ్చే సిరంజి ఎక్కడ నింపారు, ఏ రోజు నింపారు, బ్యాచ్ నంబరెంత అని అడగండి. అడగడం మీ హక్కు. దేశీ రానిబిజుమాబ్ బయోసిమిలర్లు (అసలు మందుని పోలిన మందులు) వచ్చాక ధర అంతరం కాస్త తగ్గింది.

సుధ
కంట్లో సూది అంటేనే ఒళ్లు జలదరిస్తోంది రాజు గారూ. నొప్పి ఎంత ఉంటుంది?

రెటీనా విశాఖ
నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర నాలుగు మిల్లీమీటర్ల దూరంలో తెల్లగుడ్డులోంచి వెళ్తుంది. మత్తు చుక్కలు వేస్తాం, సూది లోపల ఉండేది ఒకట్రెండు క్షణాలు. అసలు మంట బెటాడిన్‌ది, సాయంత్రం దాకా గరగరలాడుతుంది. సూది పడ్డచోట ఎర్రటి మరక వారం పది రోజులు ఉంటుంది, దానికి మందక్కర్లేదు. ఆ రోజే నల్లటి గుండ్రటి బుడగలు తేలితే అవి గాలి బుడగలు కావచ్చు, పోతాయి. రెండో రోజు నుంచి వారంలోపు నొప్పి పెరుగుతూ, ఎర్రబడి, చూపు తగ్గితే మాత్రం తెల్లారేదాకా ఆగొద్దు. అది ఇన్ఫెక్షన్ కావచ్చు. రెండు మూడు వేల ఇంజెక్షన్లకు ఒకటి చొప్పున వస్తుంది, గంటలు గడిచేకొద్దీ చూపు పోతుంది.

స్టెరాయిడ్ ఇంప్లాంట్ కూడా ఉంది, మూడు నాలుగు నెలలు పనిచేస్తుంది. కానీ శుక్లం తెస్తుంది, కంటి ఒత్తిడి పెంచుతుంది. సొంత లెన్సు స్వచ్ఛంగా ఉన్న కుర్ర కళ్లలో అది నా మొదటి ఎంపిక కాదు.

చక్రి
కంట్లో రక్తం కారితే ఏం చేయాలి? జిమ్ మానేయాలా? ఆస్పిరిన్ వాడేవారు ఆపాలా?

రెటీనా విశాఖ
ఒక్కసారిగా నల్లదారాలు, సాలెగూడు, పొగ, ఎర్రటి తెర కనిపిస్తే విట్రియస్ అనే కంటి లోపలి జెల్లీలో రక్తం పడిందనుకోండి. రెండు మూడు దిండ్లు పెట్టుకుని తల ఎత్తుగా పడుకుంటే రక్తం కిందికి దిగి లోపల చూడటానికి వీలవుతుంది. అదే రోజో మర్నాడో చూపించాలి. రెటీనా కనబడకపోతే బీ-స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్) తీసి ఊడిందో లేదో చూస్తాం.

రక్తం తగ్గదు, లేజర్ వేయలేం అన్నప్పుడు విట్రెక్టమీ. పాత డీఆర్‌వీఎస్ అధ్యయనంలో దాన్ని త్వరగా చేయడం వల్ల లాభం స్పష్టంగా కనిపించింది టైప్ వన్ వారికే. రెండేళ్లకు 6/12 చూపు దక్కినవారు త్వరగా చేస్తే 36 శాతం, ఆలస్యం చేస్తే 12 శాతం. అందుకే కుర్రవాళ్లలో "కరుగుతుందిలే, ఆగుదాం" అని నెలలు గడపను. లాగుడు పొరలు ఉన్న కంట్లో ఇంజెక్షన్ వేసి ఊరికే పంపించడమూ ప్రమాదమే. నాళాలు ముడుచుకుంటూ రెటీనాని ఇంకా లాగేస్తాయి, సాధారణంగా ఒకటి నుంచి ఆరు వారాల్లో. ఆపరేషన్‌కి కొద్ది రోజుల ముందు వేస్తే వేరు.

ఆపరేషన్‌లో గ్యాస్ నింపితే విమానం ఎక్కకూడదు, ఘాట్ రోడ్డు మీద పైకి వెళ్లకూడదు. ఎస్‌ఎఫ్6 గ్యాస్ అయితే సుమారు రెండు వారాలు, సీ3ఎఫ్8 అయితే ఆరు నుంచి ఎనిమిది వారాలు. ఎత్తుకెళ్తే గ్యాస్ వ్యాకోచించి కంటి ఒత్తిడి పెరిగి నరం దెబ్బతింటుంది. సిలికాన్ ఆయిల్‌కి ఈ గొడవ లేదు. సెలవులకొచ్చి ఇక్కడ ఆపరేషన్ చేయించుకునే ఎన్నారైలు ముందే ఈ మాట తేల్చుకోండి.

చురుగ్గా ఉన్న పీడీఆర్‌లో బరువులెత్తడం, ఊపిరి బిగబట్టి చేసే వ్యాయామం, శీర్షాసనం, సర్వాంగాసనం, కపాలభాతి ఆపాలి. నడక హాయిగా చేసుకోవచ్చు. లేజర్ పనిచేసి నాళాలు ఎండాక మళ్లీ అడిగి మొదలుపెట్టండి. గుండె కోసం వాడే ఆస్పిరిన్ ఆపక్కర్లేదు, అది కంట్లో రక్తస్రావాన్ని పెంచలేదని ఈటీడీఆర్‌ఎస్ అనే అధ్యయనంలో తేలింది.

పద్మ
గర్భం విషయం ఎవరూ ఎత్తలేదు. టైప్ వన్ ఉన్న ఆడపిల్లలకి పెళ్లప్పుడు అందరూ షుగర్ గురించి అడుగుతారు గానీ కళ్ల గురించి అడిగేవాళ్లుండరు.

రెటీనా విశాఖ
గర్భం అనుకున్నప్పుడే ఒకసారి, మొదటి మూడు నెలల్లో ఒకసారి, తర్వాత ప్రతి మూడు నెలల విడతలోనూ, కాన్పయ్యాక ఏడాది పాటు. గర్భంలో రెటినోపతీ వేగంగా ముదరవచ్చు, పైగా అప్పుడే షుగర్ కూడా గట్టిగా దించుతారు. గర్భిణికి చుక్కలు, లేజర్ ఇబ్బంది లేవు. ఇంజెక్షన్లు సాధారణంగా వద్దంటాం. అందుకే లేజర్ అవసరమైన కన్నుంటే గర్భానికి ముందే పూర్తిచేయాలి. గర్భంలో మాత్రమే వచ్చే షుగర్‌కి ఈ పరీక్షలు వర్తించవు.

ఫార్మా రాజు
హెచ్‌బీఏ1సీ ఒక్కటే నమ్ముకున్నవారికి: ఐరన్ లోపం ఉంటే అది నిజం కంటే ఎక్కువ చూపిస్తుంది. సికిల్ సెల్, రక్తకణాలు త్వరగా చితికే జబ్బులు, రక్తం ఎక్కించుకోవడం ఉంటే తక్కువ చూపిస్తుంది. మన్యం ప్రాంతాల్లో సికిల్ సెల్ ఉంది, అక్కడ 6.5 వచ్చిందని మురిసిపోకూడదు. పైగా సికిల్ సెల్ తనంతట తానే రెటీనాని పాడుచేస్తుంది. సెన్సార్ ఉంటే 70 నుంచి 180 మధ్య గడిపే సమయం 70 శాతం దాటిందో లేదో చూడండి.

ఫెనోఫైబ్రేట్ (రక్తంలో కొవ్వుకి వాడే మందు) కూడా అడగదగ్గదే. 2024లో స్కాట్లాండ్‌లో 1151 మందితో వచ్చిన లెన్స్ (LENS) అనే అధ్యయనంలో టైప్ వన్ వారూ ఉన్నారు. తొలిదశ రెటినోపతీ ముదరడం 29.2 శాతం నుంచి 22.7కి తగ్గింది. రోజుకి 145 మి.గ్రా. బిళ్ల. క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) పెరగొచ్చు కాబట్టి కిడ్నీ చూసి మోతాదు. సొంతంగా కొనుక్కోవద్దు.

ఆప్టో గుంటూరు
కిడ్నీ అన్నారు కాబట్టి: మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ కనిపిస్తే కన్ను, కంట్లో పీడీఆర్ కనిపిస్తే కిడ్నీ, రెండూ వెంటనే చూపించుకోండి. టైప్ వన్‌లో ఈ రెండూ తరచూ కలిసి నడుస్తాయి.

ఇక చూపు తగ్గినవారికి ఇన్సులిన్ కొలత. మన దగ్గర ఇంకా యు-40 (మి.లీ.కి 40 యూనిట్లు), యు-100 (మి.లీ.కి 100 యూనిట్లు) రెండూ దొరుకుతున్నాయి. సిరంజి మూత ఎరుపైతే యు-40, నారింజైతే యు-100. మసక చూపుతో ఈ రెండు రంగులూ ఒకటే. యు-100 ఇన్సులిన్‌ని ఎర్రమూత సిరంజిలో 10 గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది 25 యూనిట్లు. యు-40 ఇన్సులిన్‌ని నారింజ మూత సిరంజిలో 10 దాకా తీస్తే 4 మాత్రమే. ఇంట్లో ఒక్క రకమే ఉంచండి, రెండోది పారేయండి. పెన్ను మేలు, కానీ క్లిక్కులు లెక్కపెట్టడం ఒక్కటే నమ్ముకోవద్దు, భూతద్దం తగిలించుకోండి. లాంటస్, నొవోరాపిడ్ లాంటి రెండు పెన్నులుంటే ఒకదానికి రబ్బరు బ్యాండ్ చుట్టండి.

సుధ
రేపే అపాయింట్‌మెంట్ తీసుకుంటాను. బాగుందంటే మళ్లీ ఎప్పుడు?

రెటీనా విశాఖ
పిల్లల్లో ఏమీ లేకపోతే మామూలుగా రెండేళ్లకి. హెచ్‌బీఏ1సీ 11 నుంచి దిగుతున్న మొదటి ఏడాదికి ఆ లెక్క పెట్టుకోవద్దు, ఆరు నెలలకి ఒకసారి ఫొటో తీయించండి. ప్రైవేటు భారమైతే హైదరాబాద్‌లో సరోజినీ దేవి కంటి ఆసుపత్రి, మీరు ఇటువైపు అయితే విశాఖ ప్రాంతీయ కంటి ఆసుపత్రి ఉన్నాయి. చీటీ రాయించేటప్పుడే "టైప్ వన్, రెటీనా పరీక్ష" అని చెప్పండి. వట్టి "కంటి పరీక్ష" అంటే అద్దాల గదికి పంపేస్తారు.